బర్రె నోటి వాసన

బాపూ,

నువ్వు పెంచిన బర్రె ఈని ఇరవై రోజులైంది. రెండు రోజులుగా దాణా ముట్టడం లేదు, పాలు సగానికి పడిపోయాయి. పశువుల డాక్టరమ్మ వచ్చి దాని నోటి దగ్గర ముక్కు పెట్టింది. నన్నూ వాసన చూడమంది.

"మాగిన పండు లెక్క వస్తలేదా? ఈనినంక మేత సాలకుంటే ఒంట్ల కొవ్వు కరుగుతది, గా వాసనే ఇది. షుగర్ ముదిరిన మనుషులకు గూడ గిట్లనే వస్తది," అంది.

షుగర్‌తో నువ్వు పోయే ముందురోజు నీ నోట్లోంచి వచ్చింది ఈ వాసనే. కల్లు తాగొచ్చావనుకుని అవ్వా నేనూ నీ మంచం బయట వేశాం. "తాగలే బిడ్డా," అన్నావు, మంచినీళ్లు అడుగుతూ.

గ్లూకోజ్ ఎక్కించాక సాయంత్రానికి బర్రె నెమరేసింది. అవ్వ సంబరపడింది. డాక్టరమ్మ అన్న మాట ఆమెకు చెప్పలేదు. ఆ రోజు నువ్వు తాగలేదని నాకొక్కదానికే తెలుసు.