రహీమా చూసొచ్చిన అడవి

ఆగస్టు 2023, శుక్రవారం
అబుదాబి

మేడమ్ వాళ్ళు ఈరోజు అమెరికా నుంచి వచ్చేశారు. పిల్లల్ని చూసుకోడానికని రహీమాను వెంట తీసుకెళ్ళారు. నేను వంటమనిషిని కదా, ఇక్కడే ఉండి ఈ మండుటెండల్లో మొక్కలకు నీళ్ళు పోశాను.

మా గదిలోకి వస్తూనే రహీమా మొదలుపెట్టింది.

"రెడ్‌వుడ్ చెట్లంటక్కా, కొన చూద్దామంటే మెడ పట్టేసింది. ఆ అడవిలో పిల్లలతో పాటు నేనూ సైకిల్ తొక్కినా. రాత్రి టెంట్‌లోనే పండుకున్యాం. ఎంత చలి అనుకుంటివి!"

చలి అన్న మాటకే నా కడుపు మండింది.

"వచ్చేసారి నిన్ను తీసుకుపొమ్మని మేడమ్‌కు చెప్పినాలే అక్కా. నాకు చాలు."

సంతోషించాలి నేను. కానీ చూసొచ్చింది కాబట్టే చాలు అనగలుగుతోంది.

"పండుకో ముందు, అలిసిపోయినావు" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

ఇప్పుడు హాయిగా నిద్రపోతోంది. మేడమ్ ఏమని జవాబిచ్చిందో అడగలేదు. రేపు పొద్దున అడిగితే, వెళ్ళాలని నాకెంత ఆశగా ఉందో దానికి తెలిసిపోతుందేమో...