దారి రాసే పుస్తకం

హుసావిక్,
1984 మే 22

ప్రాణంతో సమానమైన హ్రెఫ్నాకి,

ఎట్టకేలకు బయల్దేరాను. నువ్వు మా గుమ్మంలో నిలబడి ముక్కు చీదుకుంటూ చెయ్యి ఊపడం మలుపు తిరిగేదాకా అద్దంలో కనబడుతూనే ఉంది. ఏమిటే ఆ ఏడుపు? నేనేమన్నా తిరిగిరాని చోటికి పోతున్నానా? ఈ తీరమంతా ఓ చుట్టు చుట్టి, ఆ లావా బీళ్లు చూసి, జూన్ మొదట్లో వచ్చే నావికుల పండగ ఆదివారానికల్లా ఇంట్లో పడతాను.

అస్‌గెయిర్ జీపు ఆరు నెలలు షెడ్డులో పడి ఉండి కూడా ఒక్క తిప్పుకే స్టార్టయింది. మా ఆయనకంటే దానికే నా మాటంటే లెక్క. సీటు కింద అతని ఎడమచేతి గ్లవ్ దొరికింది. కుడిచేతిది అతనితోనే పూడ్చాం కదా. పారేద్దామని అద్దం దించాను గానీ చెయ్యి రాలేదు. నా పక్క సీట్లోనే పెట్టుకుని నడుపుతున్నాను.

ఇక్కడ ఈతకొలను వేడినీళ్ల తొట్టిలో నలుగురు ముసలమ్మలు మెడదాకా మునిగి కూర్చున్నారు. నేను కాలు పెట్టానో లేదో ఒకావిడ అడిగేసింది. "నువ్వు ఆ మంచుకోళ్ల వేటకెళ్లి పోయినాయన భార్యవి కదుటే?" అవునన్నాను. "పాపం, క్రిస్మస్ కూరకోసం పోయి ప్రాణం పోగొట్టుకున్నాడు" అందావిడ. ఇంకొకావిడ నిట్టూర్చి, "మా ఆయన వేటకీ పోడు, ఎక్కడికీ పోడు. నలభై ఏళ్లుగా పొద్దస్తమానం ఇంట్లోనే. దేనికైనా పెట్టిపుట్టాలమ్మా" అంది. తొట్టంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వక ఏం చెయ్యను?

రేపు సరస్సు వైపు వెళ్లి, అక్కణ్ణుంచి కొండగుడిసెకి వెళతాను. అస్‌గెయిర్ ఆఖరిసారి రాసిన రెండు వాక్యాలు నా కళ్లతో నేను చూసుకోవాలి. మన పిల్లలకి ఎక్కాలకంటే ముందు నేర్పేది అదే కదా. గుడిసెలో కాలు పెడితే పుస్తకంలో పేరు రాయాలి, ఎటు పోతున్నామో రాయాలి, ఎప్పటికి వస్తామో రాయాలి. మనిషి రాకపోతే వెతికేవాళ్లకి ఆ రాతే దేవుడు. అస్‌గెయిర్ 'సముద్రపు కొండల వైపు' అని రాశాడు, మన గాలింపు దళం మూడు రోజులు సముద్రపు కొండలే జల్లెడ పట్టింది. అయిదో రోజున ఎవడో నక్కల వేటగాడికి పూర్తిగా వ్యతిరేక దిక్కున, లావా పగుల్లో దొరికాడు. తుఫాను దారి తప్పించిందన్నారు అందరూ. డాక్టరు మాత్రం, శనివారం వెళ్లినవాడికి ఆదివారం రాత్రిదాకా ప్రాణం ఉందన్నాడు.

ఆ పగుల్లో పదకొండు ఖాళీ తూటాలు దొరికాయట. ఇక్కడున్నాను, ఇక్కడున్నాను అని పదకొండుసార్లు పేల్చాడు. మనమేమో అటు సముద్రం వైపు చెవులు రిక్కించి కూర్చున్నాం.

దళం నాయకుడు కారి నిన్న పెట్రోలు బంకు దగ్గర ఎదురుపడి తల దించుకున్నాడు. "నేనే తప్పు దిక్కుకి పంపాను స్టెయిన్‌వోర్. నావికుల పండగ ఆదివారం మీటింగులో నాయకత్వం వదిలేస్తాను" అన్నాడు. పాపం, ఆరు నెలల్లో ముసలివాడైపోయాడు.

ఆ మూడు రోజులూ దళం వంటింట్లో నా పక్కనే నిలబడి, వచ్చిపోయే మగాళ్లకి విసుగన్నది లేకుండా అట్లు పోసి పెట్టావు. తోడబుట్టినది కూడా అంత చెయ్యదు. ఇప్పుడేమో అడక్కుండానే మీ లావా కాటేజీ తాళం నా చేతిలో పెట్టావు. నీ రుణం ఎలా తీర్చుకుంటానో చూద్దువుగాని.

జవాబు రాయాలనిపిస్తే రౌఫర్‌హోప్న్ పోస్టాఫీసుకి రాయి. నెలాఖరుకి అక్కడుంటాను.

నీ
స్టెయిన్‌వోర్


మీ లావా కాటేజీ,
మే 25

ముద్దుల హ్రెఫ్నాకి,

మీ మంచం మెత్తగా ఉందే. కంబళి కూడా భలే వెచ్చన. నీకు ఎప్పుడూ మంచి అభిరుచే.

ఉండు, వరసగా చెబుతాను. సరస్సు దగ్గర ఒకావిడ, వేడి నేలలో పాతిపెట్టి ఒక రోజంతా మగ్గబెట్టిన రొట్టె తీసి ఇచ్చింది. గంధకం కంపు కొడుతున్న నేలలోంచి అంత తియ్యటి రొట్టె వస్తుంది చూడు. అది తింటూ గుడిసె చేరాను. జీపు ఆపిన చోటే ఆరోజు అతనూ ఆపాడు. అక్కణ్ణుంచి దారి రెండుగా చీలుతుంది. ఎడమకి సముద్రపు కొండలు, కుడికి మూడేళ్ల కింద పారి ఇంకా ఆవిర్లు కక్కుతున్న లావా. ఆ లావా దాటితే మీ కాటేజీ.

పుస్తకం తెరిచాను. 'నవంబరు 12. సముద్రపు కొండల వైపు. సాయంత్రానికి తిరిగి. అస్‌గెయిర్.' గుండ్రటి అక్షరాలు, కిరాణా చీటీ రాసినట్టు. వెనక్కి తిప్పితే ప్రతి శనివారమూ అదే మాట. అక్టోబరు 15, 22, 29, నవంబరు 5. ప్రతిసారీ సముద్రపు కొండలే. ఆ నాలుగు వారాల్లో మా ఇంటికి ఒక్కటంటే ఒక్క మంచుకోడి రాలేదని అప్పుడు గుర్తొచ్చింది. "ఈ ఏడు పిట్టలే లేవు" అనేవాడు. నేను నమ్మాను. తుపాకీ శుభ్రంగా ఉండేది, మనిషి ఇంకా శుభ్రంగా ఉండేవాడు. వేటకెళ్లిన మగాడు సబ్బు వాసన కొడుతూ ఇంటికొస్తే నాకు అనుమానం రాలేదు. నా అంత వెర్రిబాగుల్ది ఈ దేశంలో ఉంటుందా!

తర్వాత కుడివైపు నడిచాను. ఆ పగులు దగ్గర ఎవరో కర్రకి ఎర్ర గుడ్డ కట్టారు. వంగి చూశాను. లోతెంతో కాదే హ్రెఫ్నా, మన చర్చి గుమ్మం ఎత్తంత. కాలు విరక్కపోయుంటే పాక్కుంటూ వచ్చేసేవాడు. అక్కణ్ణుంచి చూస్తే మీ కాటేజీ పొగగొట్టం కనబడుతుంది.

తలుపు తీసి లోపలికొచ్చాను. కిటికీలో, నువ్వు అల్లిన లేసు గుడ్డ కింద, మీ అతిథుల పుస్తకం. మీ ఆయన ఒడ్డుర్ తమ్ముడి పిల్లల రాతలు, ఎవరో జర్మనీ వాళ్ల ధన్యవాదాలు. ఆ తర్వాత, అక్టోబరు 15 నాడు: 'ఈశాన్యపు గాలి. మైనస్ రెండు. కొండలు స్పష్టంగా కనబడుతున్నాయి. అ.' అక్టోబరు 22: 'గాలి లేదు. మైనస్ నాలుగు. అ.' నాలుగు శనివారాలూ వరసగా!

కూలబడి పగలబడి నవ్వానే. ఏం మనిషమ్మా! చిన్నప్పుడు వాళ్ల నాన్న చెవి మెలేసి నేర్పిన అలవాటు, చచ్చేదాకా వదల్లేదు. గుడిసెలో అబద్ధం రాసి, లంజరికానికొచ్చిన ఇంట్లో మాత్రం బుద్ధిగా వాతావరణం రాసి సంతకం పెట్టిపోయాడు. నువ్వైనా ఆ పేజీలు చింపకపోయావా తల్లీ?

ఇక నవ్వులు చాలు. నీకు తెలుసు. అతను సముద్రపు కొండల వైపు వెళ్లలేదని, నీ దగ్గరికి వస్తూ లావాలో పడ్డాడని, ఈ లోకంలో తెలిసినదానివి నువ్వొక్కతెవి. తెలిసీ మూడు రోజులు నా పక్కన నిలబడి అట్లు పోశావు. నేను రేడియో ముందు కూర్చుని జట్లని సముద్రం వైపు తోలుతుంటే, నా భుజం మీద చెయ్యి వేసి "దొరుకుతాడులే" అన్నావు. అక్కడ అతను తూటాలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఒక్క మాట. ఒక్క మాట అంటే బతికేవాడు. నీ కాపురం కోసం నా మొగుణ్ణి చంపావు.

గుడిసె పుస్తకంలో ఆ పేజీలు కోసి తీసుకున్నాను. మీ అతిథుల పుస్తకం మొత్తం నా సంచిలో ఉంది. ఆదివారం మీటింగులో, కారి రాజీనామా చదవకముందే నేను లేచి ఇవి చదువుతాను. ఒడ్డుర్ ముందు వరసలో కూర్చుంటాడుగా, బాగా వినబడుతుంది. ఆ తర్వాత నువ్వు ఈ తీరంలో ఏ ఊళ్లో మొహం చూపిస్తావో చూస్తాను. వేడినీళ్ల తొట్లలో నీ కథే చెప్పుకుని మునుగుతారు.

మంచం దుప్పట్లు మడత పెట్టాను. తాళం గుమ్మం రాయి కింద ఉంచుతాను.

ఇప్పటికీ నీ
స్టెయిన్‌వోర్


మే 29

స్టెయిన్‌వోర్‌కి,

నీలాగా ముద్దులూ ప్రాణాలూ నేను రాయలేను. రాసేది ఒక్కసారే, కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

అస్‌గెయిర్ నా దగ్గరికి వచ్చేవాడు. నిజం. పన్నెండో తారీకున సాయంత్రం నాలుగింటిదాకా పొయ్యి రగిలించుకుని కూర్చున్నాను. మంచు మొదలైంది కదా, వెనక్కి మళ్లి ఉంటాడనుకుని ఇంటికొచ్చేశాను. ఏడింటికి దళం సైరన్ మోగింది. దళం వంటింటికి పరిగెత్తాను. నువ్వప్పటికే రేడియో ముందున్నావు. "ఇంటికెళ్లి పడుకో, ఇంకొకరు కూర్చుంటారు" అని జట్లతో బయల్దేరుతూ కారి ఎంత చెప్పినా నువ్వు లేవలేదు.

నేను ఒక్క మాటా అనలేదంటావా? అట్లపెనం పొయ్యి మీద పెట్టకముందే నీ దగ్గరికొచ్చాను. నీ చెవిలో చెప్పాను. "లావా వైపు కూడా ఒక జట్టుని పంపవే, మా కాటేజీ దారిలో" అన్నాను. నువ్వు తల తిప్పి నా కళ్లలోకి చూశావు. చాలాసేపు చూశావు. "నీకెలా తెలుసు?" అని కూడా అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్ని, ఒట్టు. నువ్వన్నది ఇదీ: "మా ఆయన పుస్తకంలో అబద్ధం రాసే మనిషి కాదు. వెళ్లి అట్లు పొయ్యి." అని ఇయర్‌ఫోన్ పెట్టేసుకున్నావు.

నేను రెండోసారి చెప్పలేదు. అర్ధరాత్రి దాటాక మళ్లీ నోరు తెరవబోతే ఒడ్డుర్ లోపలికొచ్చాడు, మీసాలకి మంచు అంటుకుని, నీ మొగుడి కోసం ఆరు గంటలు కొండలెక్కి. అతని మొహం చూసి, చేతిలో అట్ల పళ్లెం పెట్టాను. అది నా పాపం, నేను మోస్తాను. కానీ మొదటిసారి విన్న చెవులు నీవి.

ఆ అతిథుల పుస్తకం నేను చింపడం మరిచిపోయాననుకున్నావా? తాళం ఎందుకిచ్చాననుకున్నావు? ఆరు నెలలుగా చర్చిలో నా చెయ్యి పట్టుకుని "తోడబుట్టినదానికంటే ఎక్కువ" అని పదిమందికీ చెబుతున్నావు. ప్రతిసారీ నా వేళ్లు విరిగేలా నొక్కుతున్నావు. తెలిసి నొక్కుతున్నావో, తెలియక నొక్కుతున్నావో తేల్చుకోవాలనిపించింది. తేలింది.

ఆదివారం చదువుకో. నేను ముందు వరసలోనే కూర్చుంటాను, ఒడ్డుర్ పక్కన. నువ్వు చదవడం అయ్యాక నేనూ లేచి ఆ వంటింటి సంగతి చెబుతాను.

హ్రెఫ్నా


రౌఫర్‌హోప్న్,
జూన్ 1

హ్రెఫ్నా,

నీ ఉత్తరం పోస్టాఫీసులో ఇచ్చారు. ఇక్కడి పాత హెర్రింగ్ చేపల ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని చదివాను. చదివి, జీపెక్కి, అస్‌గెయిర్ వెళతానని రాసి వెళ్లని ఆ సముద్రపు కొండలకి వెళ్లాను. ఒడ్డంతా ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చిన దుంగలు. గూళ్లలో గుడ్లున్నాయని పక్షులు నెత్తిన పొడిచాయి. మన మగాళ్లు మూడు రోజులు గాలించింది ఇక్కడే. ఒక గొర్రె కూడా దాక్కోలేని బట్టబయలు నేల. ఇక్కడ మనిషుంటే మొదటి గంటలోనే కనబడేవాడు. అది నాకు అప్పుడూ తెలుసు.

సరే, నువ్వు చెప్పావు. నేను విన్నాను.

నీ మాట చెవిలో పడగానే అంతా అర్థమైపోయిందే. పిట్టల్లేని సంచీ, సబ్బు వాసన, శనివారాల్లో నువ్వు ఊళ్లో కనబడకపోవడం, అన్నీ ఒక్కసారి. గుడిసెకీ పుస్తకాలకీ నేను వెళ్లింది తెలుసుకోవడానికి కాదు. నువ్వే చంపావని రాసుకోవడానికి కాగితం కావాల్సొచ్చింది నాకు. ఆ రాత్రి అతను నీ మంచంలో వెచ్చగా ఉన్నాడేమో, లేక దారిలో చలికి వణుకుతున్నాడేమో అనుకున్నాను. వణకనీ అనుకున్నాను. ఒక్క రాత్రి వణికి, పొద్దున్నే సిగ్గుతో కుంటుకుంటూ ఇంటికి రానీ అనుకున్నాను. పద్దెనిమిది మంది మగాళ్లు వింటున్న రేడియోలో "నా మొగుడు హ్రెఫ్నా ఇంటి దారిలో ఉంటాడు, అటు వెళ్లండి" అని నా నోటితో నేను చెప్పాలా? మర్నాడు ఆదివారం పొద్దున అనుకున్నాను, ఇప్పుడు చెబుదామా అని. అప్పటికే ఒక రాత్రి ఆలస్యం చేశాను కదా, ఎందుకు ఆలస్యమైందో కూడా చెప్పాలి. సోమవారం ఇంకా కష్టమైపోయింది.

నీకు తెలియనిది ఒకటుంది. నువ్వు అట్లపెనం దగ్గరికి వెళ్లాక నేను రేడియో బటన్ నొక్కాను. నొక్కి పట్టుకున్నాను. అటు గాలి హోరులో కారి అరుస్తున్నాడు, "చెప్పు స్టెయిన్‌వోర్, వింటున్నా, చెప్పు." లావా అన్న మాట నా నాలుక మీదికి వచ్చింది.

"కాఫీ కాగింది, వంతులవారీగా రండి" అన్నాను.

గుడిసె పేజీలూ, మీ పుస్తకమూ ఇక్కడి ఒడ్డున దుంగల మంటలో వేశాను. తడి కట్టెలు, కాలడానికి చాలాసేపు పట్టింది. గ్లవ్ కూడా వేశాను. ఆదివారం నేనేమీ చదవను, నువ్వూ ఏమీ చెప్పవు. కారి రాజీనామా ఇస్తాడు. ఇవ్వనీ. ఆపేది ఎవరు, నువ్వా నేనా?

మీటింగుకి వంట మన ఇద్దరి మీదే వేశారట, ఎప్పటిలాగే. పదింటికల్లా వచ్చి నా పక్కన నిలబడు. పిండీ పాలూ నువ్వు తీసుకురా, కాఫీ నేను పెడతాను.

స్టెయిన్‌వోర్