బావను విడిపించబోయి

అక్కా,

తానే తిరిగొచ్చిన క్రీస్తునని చెప్పుకునే ఆ పెద్దమనిషి ఇంటి నుంచి బావను లాక్కొస్తానని, బైబిలు చంకలో పెట్టుకుని వీరుడిలా బయలుదేరాను కదా. సండే స్కూల్లో అబద్ధ క్రీస్తుల పాఠం చెప్పేది నేనే, నన్నెవడు మోసం చేస్తాడనుకున్నాను.

గుమ్మంలోనే ఒకావిడ, "మోకాలి నొప్పా అన్నా? ముందు కూర్చోండి" అంటూ కుర్చీ వేసింది. మన సంఘంలో ఇన్నాళ్లూ కుంటుతూ తిరిగినా ఎవరూ అడగలేదు. తెచ్చుకున్న వచనాలన్నీ మర్చిపోయాను. ఇప్పుడు ఆ పెద్దమనిషి సభలకు కుర్చీలు వేసేది నేనే. అంతా అబద్ధమని తెలుసు, లేచి రాలేకపోతున్నాను.

నా వాలకం చూసి బావకు బుద్ధొచ్చింది. ఈ ఉత్తరం ఆయన చేతే పంపుతున్నాను.

నా కోసం పాస్టరు గారిని పంపు. ఒంటరిగా మాత్రం వద్దు. ఆయన నడుం నొప్పి గురించి కూడా మనలో ఎవరూ అడిగినట్టు గుర్తులేదు.

నీ తమ్ముడు