ఎదురొచ్చే మనిషి

బుధవారం, సిరిసిల్ల

ప్రయాణానికి ముందు ఇదే ఆఖరి రోజు. పొద్దున రెండు సైకిళ్లకూ గాలి కొట్టించాను. నా సైకిల్ వెనక టెంటు కట్టి, ముందు మా చిన్నోడు చింటు కోసం చిన్న సీటు బిగించాను. మధ్యలో రెండు రాత్రులు తెలిసినవాళ్ల పొలాల్లో పడుకొని, మూడో రోజు కోరుట్లలో పిల్లల అమ్మమ్మ ఇంటికి చేరాలి. ఈ దారంతా నా భార్య స్వప్న రాసిపెట్టిందే. ఆమె పోయి ఎనిమిది నెలలు.

సాయంత్రం బరువుతో ఎట్లా ఉంటుందో చూద్దామని తంగళ్ళపల్లి దాకా బయల్దేరాం. అమ్మ తలుపు వెనక్కి తప్పుకుంది. బాపు పోయినప్పటి నుంచి ఎవరు ప్రయాణమైనా అంతే. నీళ్లబిందెతో ఎదురొచ్చేది స్వప్న.

నా కూతురు అక్షిత తన సైకిల్ దిగి లోపలికి పోయింది.

"బాపమ్మా, గట్ల దాసుకున్నవేంది? ఎదురు రా."

"వద్దు బిడ్డా. మొగడు లేనిదాన్ని, మంచిగుండదు."

"డాడీకి మమ్మీ లేదు గదా. డాడీ గూడ దాసుకోవాల్నా?"

"నోరు సూడు దీనిది! అచ్చం మీ అమ్మే," అంది అమ్మ. కానీ బయటికి రాలేదు.

ఈ ఎనిమిది నెలల్లో నన్నెవరూ పక్కకు తప్పుకోమనలేదు. "అత్తమ్మ గట్ల నిలబడుతుంటే నీకేం అనిపియ్యదా?" అని స్వప్న ఒకసారి అడిగింది. అమ్మ ఇష్టం అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

రేపు పొద్దున ఆ బిందె నేనే నింపి అమ్మ చేతికిస్తాను. ఆమె గేటు దగ్గరికి వచ్చేదాకా సైకిలెక్కను.