వల దారంతో కుట్టిన పటకా

మే 12, సోమవారం

తోలు కుట్టే మిషన్ వచ్చింది. నలుగురు మోశారు. ఫెర్రీ మెట్ల దగ్గర ఒకడి చెయ్యి జారింది, నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నల్లటి ఇనుము. నాకంటే పెద్దది వయసులో. చెన్నైలో పాత మిషన్లు అమ్మేవాడు ఫోటోలు పంపినప్పుడు ఇంత బరువనుకోలేదు. బాంబూఫ్లాట్ జెట్టీ నుంచి కొట్టు దాకా చేపల బండి మీదే తెచ్చాం. దారి పొడుగునా జనం చూపులు.

అన్నయ్య అరుగు మీద వల బాగుచేసుకుంటూ, "ఏటే సెల్లీ, ఈ ఇనప దున్నని ఎక్కడ కట్టెత్తావు?" నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. గాజులు అమ్మి కొన్న సంగతి ఎత్తుతాడేమోనని చూశాను. ఎత్తలేదు.

మే 13

పొద్దుటి నుంచీ కిరసనాయిలు, పాత చీర పేలికలు. ఇదివరకు వాడినవాళ్ళెవరో కొబ్బరినూనె పోసినట్టున్నారు. లోపలంతా జిగురై గడ్డకట్టింది. ఒక్కో మర విప్పడం, ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసుకోవడం. సాయంత్రానికి చక్రం చేత్తో తిరిగింది. గోళ్ళ నిండా నలుపు, ఎంత తోమినా పోదు.

మే 15, గురువారం

కుట్టింది. గేదె తోలు, రెండు పొరలు. ఇంట్లో బట్టల మిషన్ మీదైతే ఈపాటికి మూడు సూదులు విరిగేవి. ఇది అడుగు ఎత్తుతుంది, వేస్తుంది, ఎత్తుతుంది, వేస్తుంది... తోలుని తనే నడిపించుకుపోతుంది. నేను ఊరికే చేతులు ఆనించి కూర్చుంటే చాలు.

ఇన్నేళ్ళూ టార్పాలిన్లు, ఆటో సీట్లు, ఊడిన చెప్పు పట్టీలు. ఇకనైనా ఒక పనిమంతురాలి లెక్కలోకి వస్తాను. గర్వంగానే ఉంది. ఇక్కడ రాసుకుంటే ఎవరికి నష్టం.

మే 19, సోమవారం

మంగ్రా వచ్చాడు. కొబ్బరికాయలు దింపడంలో ఈ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడని రాంచీ వైపు నుంచి వచ్చిన కూలీలే అంటారు. పోయినేడు చెట్టు మీద నుంచి జారాడు. ఎడమ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. అందుకే తోలు పటకా కావాలట, నడుమునీ చెట్టునీ కలిపి చుట్టేది. దాని మీద వెనక్కి వాలితే రెండు చేతులూ ఖాళీ అవుతాయి, కత్తి పట్టుకోవచ్చు. గురువారం ఓడకి దూరపు దీవిలోని హట్‌బే వెళ్తున్నాడు, అక్కడి తోటల్లో నెల రోజుల పని.

సరేనన్నాను. అన్నాక చూసుకుంటే తోలు కుట్టే దారం లేదు. మిషన్‌తోపాటు వచ్చిన ఉండ అయిపోయింది. మిగతాది చెన్నై ఓడలో రావాలి. ఓడ ఎప్పుడో అడిగితే జెట్టీలో ఎవరూ తిన్నగా చెప్పరు.

మే 20

అన్నయ్య వల దారం ఉండ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది సొరసేపని లాగింది. మనిసిని ఆపదేటి?"

నిజమే అనిపించింది. మా ఇంట్లో వల దారాన్ని అనుమానించినవాళ్ళు ఎవరున్నారు? మంచం బిగించేదీ అదే, తలుపు కట్టేదీ అదే. చిన్నప్పుడు రిబ్బన్ లేకపోతే అమ్మ నా జడకి కట్టిందీ అదే.

మే 21, బుధవారం

పటకా అయిపోయింది. ఎంత బాగా పడ్డాయో కుట్లు. రెండు వరసలు, పలువరసలా. మంగ్రా కొట్టు ముందు స్తంభానికి చుట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి వాలాడు. "దీదీ, ఇస్కో హాథీ భీ నహీ తోడేగా." ఏనుగు కూడా తెంపలేదట. వెళ్తూ వెళ్తూ కూడా తడిమి చూసుకుంటూనే ఉన్నాడు.

మే 22

హట్‌బే ఓడ వెళ్ళింది. మిగిలిన వల దారంతో మిషన్ మీదే ఒక ప్లంబరు సంచీకి తోలు పట్టీ కుట్టి ఇచ్చాను.

మే 26

వాన. ఎవరూ రాలేదు. మిషన్‌కి నూనె పెట్టి గోనె కప్పాను.

మే 28, బుధవారం

ప్లంబరు డెలానీపూర్ నుంచి ఆ సంచీ పట్టుకుని వచ్చాడు. పట్టీ ఊడి, పనిముట్లన్నీ మెట్ల మీద పడ్డాయట. ఊడినచోట తప్ప, పైకి చూస్తే మిగతా కుట్టు చెక్కుచెదరలేదు. తోలు పొరలు విడదీశాను. లోపల అది దారంలా లేదు. పురి విడిపోయి పోచలు పోచలుగా ఉంది, సగం పోచలు సూదికే తెగిపోయాయి.

వల దారం పురి ఒక వైపు తిరుగుతుంది, మిషన్ దారం పురి ఇంకో వైపు. మిషన్ కుట్టుకుంటూ కుట్టుకుంటూ పురి విప్పేసింది. చేత్తో ముడివేసే వలకి ఆ గొడవ లేదు. స్తంభం దగ్గర ఆగింది కదా అనుకోబోయాను... ఒకసారి ఆగుతుంది. రోజంతా చెట్టుకి రాసుకుంటే ఎన్నాళ్ళు ఆగుతుంది?

అన్నయ్యని పిలిచి, మిగిలిన కుట్టు ముక్క లాగమన్నాను. పెద్ద బలమేం పెట్టలేదు. తెగింది. మంగ్రా ఈ వేళ ఏ చెట్టు తలమీదో వెనక్కి వాలి ఉంటాడు. భయంగా ఉంది.

మే 29

మంగ్రా ఫోన్ కలవదు. తోటల్లో సిగ్నల్ ఉండదు. హట్‌బే బజారులో కిరాణా కొట్టు నడిపే నూకరాజు బాబాయికి చేశాను. మంగ్రా వాళ్ళు ఆదివారం సరుకులకి వస్తారట. "ఏటమ్మా సంగతి?"

నోటిదాకా వచ్చింది. అవతల కొట్లో నలుగురి మాటలు వినిపిస్తున్నాయి. అక్కడ అన్నది సాయంత్రానికి బాంబూఫ్లాట్ చేరుతుంది. "ఏం లేదు బాబాయ్, పటకాకి చిన్న పని మిగిలింది. వెనక్కి పంపమనండి" అన్నాను.

చిన్న పని. నేనే అన్నాను ఆ మాట.

మే 30

సముద్రం బాగోలేదు, హట్‌బే ఓడ రద్దు. కొత్త పటకా చేత్తో కుడుతున్నాను, మైనం పట్టించిన వల దారంతోనే. చేతి కుట్టుకి పురి విడదు. ఒక్కో కుట్టూ లాగి చూసుకుంటున్నాను. వేళ్ళు కోసుకుపోయాయి. కోసుకుపోనీ.

జూన్ 1, ఆదివారం

బాబాయే చేశాడు. మంగ్రా వచ్చి, ఇప్పుడే బండెక్కి వెళ్ళిపోయాడట. "సెప్పేనమ్మా. పనయ్యేక తెత్తాడట. సిన్న పనే గదా, తొందరేటి అన్నాడు."

అప్పుడు చెప్పాను మొత్తం. దారం, పురి, ఊడిన పట్టీ, అన్నీ. ఎవరినైనా వెంటనే తోటకి పంపమని, ఆ పటకాతో చెట్టెక్కొద్దని చెప్పమని బతిమాలాను. "ముందే సెప్పాలి గదమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఎందుకు చెప్పలేదు? పరువు. గాజులమ్మి కొన్న మిషన్ మీద కుట్టిన మొదటి పెద్ద పని ఇలా అయిందని నలుగురూ అనుకుంటారని. ఇంకే కారణమూ లేదు. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

జూన్ 2

బాబాయి మనిషిని పంపాడు. దారిలో వాగు పొంగి ఆగిపోయాడట. "దారం నాది గదే" అన్నాడు అన్నయ్య. కుట్టింది నేను, దాచింది నేను అన్నాను. కంచం ముందు కూర్చున్నవాడు లేచి వెళ్ళిపోయాడు.

జూన్ 3, మంగళవారం

రేపు ఓడ ఉంది. టికెట్ దొరికింది. కొట్టు మూసేశాను.

జూన్ 4, బుధవారం. ఓడలో.

ఎక్కేముందు జెట్టీ మీద ఫోన్ మోగింది. మంగ్రా. బతికున్నాడు. బాబాయి మనిషి నిన్న సాయంత్రం చేరి అంతా చెప్పాడట. ఫోన్ కలుస్తుందని పొద్దున్నే బజారుకి వచ్చాడు. ఏడుస్తూ నవ్వుతూ ఏదేదో అన్నాను, నాకే గుర్తు లేదు. ఎవరో కూలీ మంచినీళ్ళు ఇచ్చాడు.

నా మాటలు అయ్యేదాకా ఆగి, అప్పుడు మెల్లగా చెప్పాడు. పటకా తన దగ్గర లేదు. వెళ్ళిన మూడో రోజునే బావమరిదికి ఇచ్చేశాడు. తను పాత తాడుతోనే ఎక్కుతున్నాడు. పనయ్యాక తెస్తానన్నది అందుకే. "వో మేరే సే భారీ హై, దీదీ." తనకంటే బరువైన మనిషి, గట్టి పటకా అతనికే అవసరమని ఇచ్చాడు. ఆ బావమరిది వేరే ముఠాతో ఇంకా లోపలి తోటలకి వెళ్ళాడు. మంగ్రా అటే బయల్దేరుతున్నాడు. ఒక పూట నడక.

ఓడ కూత వేసింది. లైను పోయింది. ఇప్పుడు చుట్టూ నీళ్ళే, ఫోన్ పనిచెయ్యదు. సాయంత్రం దాకా ఏమీ తెలియదు.

మంగ్రా గొంతు విని అంత సంతోషపడ్డాను కదా... ఆ సంతోషంలో ఆ మనిషి పేరైనా అడగలేదు.