మందాకిని ఉత్తరం ఎందుకు దాచింది?

12 ఫిబ్రవరి 2007, సోమవారం. ఉదయం 6.10

కొత్త డైరీ! మా అమ్మాయి లాస్యకి ఆఫీసులో ఊరికే ఇచ్చారట. ఈ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అన్నీ ఊరికే ఇస్తారు.

కొత్త డైరీలో కొత్త దీక్ష. ఈ రోజు నుంచి మండలం, అంటే నలభై ఒక్క రోజులు, మందాకిని గురించి నోరు విప్పను.

కారణం: మొన్న డబ్బింగ్‌లో డైరెక్టర్ కమలాకర్ గారు అందర్నీ వరసగా నిలబెట్టి కడిగేశారు. "మన సీరియల్ కథ నెట్‌ల లీకైతుంది. దొరికినోళ్ళ గొంతు మార్చేస్త. వారం రోజుల్ల జనం మర్చిపోతరు." చెప్పింది అందరికీ, చూసింది నన్ను. నేనేం లీక్ చేయలేదు, ఒట్టు. కానీ నా నోటి సంగతి నాకు తెలుసు కదా.

పదకొండేళ్ళు ఫిల్మ్‌నగర్‌లో గుంపులో గొంతుని నేను. "అయ్యో పాపం!" "పోలీసులొచ్చారు!" "ఎవరైనా డాక్టర్ని పిలవండి!" అంతే. మొదటిసారి సీరియల్‌లో పేరున్న పాత్రకి, మందాకినికి, గొంతిచ్చాను. తెర మీద ఆ వేషం వేసేది బెంగళూరు ఆవిడ, తెలుగు ముక్క రాదు. పెదాలు ఆవిడవి, తిట్లు నావి. ఇది పోతే నేను మళ్ళీ "అయ్యో పాపం"కే.

నియమాలు:
1. కథ చెప్పను.
2. "ఎందుకు చేసింది?" అంటే జవాబివ్వను.
3. కనుబొమలతో కూడా చెప్పను. (వీటి మీదే నాకు అనుమానం.)

13, మంగళవారం. సాయంత్రం 5.00

ఇంటి ఓనరు శకుంతలమ్మ గారు మెట్ల మీదే పట్టుకున్నారు. "సత్యమ్మా, గా మందాకిని రేపేం జేస్తది? జర చెప్పవూ."

నవ్వాను.

"చెప్పకుంటే రేపు మోటరెయ్య, సూడు."

మళ్ళీ నవ్వాను. గొణుక్కుంటూ పోయారు. దీక్ష అంటే ఇదీ! ఇంత తేలికని తెలిస్తే ముందే పట్టేదాన్ని.

14, బుధవారం. రాత్రి 8.40

ఈ రోజు ఎపిసోడ్: కొత్త కోడలికి సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చింది. పెద్దత్త మందాకిని దాన్ని బియ్యం డబ్బాలో దాచేసింది.

లాస్య ఆఫీసు నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, "అమ్మా, మందాకిని ఎందుకు దాచింది?" ఈ పిల్ల నన్ను వేరే ప్రశ్న అడిగి ఆర్నెల్లయింది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఫ్యాన్స్ గ్రూపు పైకి చదివింది.

"కుళ్ళు." "శాడిస్టు." "దాని మొహం చూస్తేనే తెలుస్తోంది." టోలిచౌకి టైగర్ అట, వాడెవడో: "ఆస్తి కోసం. కోడలు సంపాదిస్తే పెత్తనం పోతుందని."

ఆస్తా! మందాకినికా! నేను మాట్లాడలేదు. గరిట మాత్రం కొంచెం గట్టిగా పెట్టాను. గరిటకి దీక్ష లేదు.

15, గురువారం. మధ్యాహ్నం 1.30, డబ్బింగ్ థియేటర్

ఉండబట్టలేక కమలాకర్ గారినే అడిగాను. ఆయనకి తెలిసిన కథ ఆయన్ని అడిగితే లీక్ కాదు కదా.

"ఎందుకేంది? హీరోయిన్ పిల్లకు వేరే షూటింగ్ ఉన్నది. నాలుగు దినాలు రాదు. ఇంటర్వ్యూ సీనెట్ల తీస్తం? గందుకే లెటర్ దాసినం."

"మరి మందాకిని మనసులో..."

"మనసా? నువ్వు డబ్బింగ్ చెప్పు తల్లీ."

మాటల రచయిత ఆదినారాయణ గారు పక్కనే పేజీలు రాస్తున్నారు. తల కూడా ఎత్తలేదు. అంటే కారణమే లేదు! ఊరంతా నా మందాకినిని తిడుతుంటే, ఆ ఉత్తరం ఎందుకు దాచిందో కన్నవాళ్ళకే తెలీదు. ఏడుపొచ్చింది.

16, శుక్రవారం. ఉదయం 9.15

బాగా ఆలోచించాను. లేని కారణం లీక్ ఎలా అవుతుంది? అవదు.

9.40. శకుంతలమ్మ గారు: "గా మందాకినికి నిలువెల్ల కుళ్ళే."

"కుళ్ళు కాదండీ!" అనేశాను. రెండు మాటలే. వెంటనే పప్పు మాడుతోందని లోపలికి పారిపోయాను. ఇంకా పొయ్యే వెలిగించలేదు.

దీక్షకి చిన్న బీట పడింది. విరగలేదు.

17, శనివారం. ఉదయం 11.20

లాస్య స్నేహితులతో సినిమాకి పోయింది. కంప్యూటర్ ఖాళీ.

నేను పట్టిన దీక్ష నోరు విప్పనని. వేళ్ళ సంగతి అందులో లేదు. కావాలంటే ముందు పేజీ చూసుకోవచ్చు.

11.35. పేరు అడుగుతోంది. "బుజ్జి" అని కొట్టాను.

12.50. ఒంటి వేలితో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. గంట పట్టింది. రాసింది ఇదీ:

"అంత పెద్ద ఇంట్లో మందాకినిని 'అత్తా, తిన్నావా?' అని అడిగేది ఆ పిల్ల ఒక్కతే. ఉద్యోగానికి పోతే ఇంక ఎవరూ అడగరు. ఆ భయంతో దాచింది. దాచాక ఆ డబ్బాలో బియ్యంతో అన్నం వండలేక ఆ పూట పస్తు ఉంది. మీరెవరైనా చూశారా?"

1.05. టైగర్: "బుజ్జి గారూ, సెంటిమెంటు వద్దు. ఆస్తే."

1.06. వీణ్ణి వదలను!

18, ఆదివారం. సాయంత్రం 6.00

లాస్య పగలంతా నిద్ర, ఆ సందులో టైగర్‌కి పద్నాలుగు జవాబులిచ్చాను. వాడు "మరి రుజువేంటి?" అంటాడు, నేను ఇంకో కారణం చెబుతాను. "అయితే ఆమధ్య ఎపిసోడ్‌లో తాళాలగుత్తి ఎందుకు విసిరింది?" అంటాడు, అదీ చెబుతాను. చివరికి వాణ్ణి బండరాయి అన్నాను. వంట చేయలేదు. ఇద్దరికీ ఉప్మాయే.

ఇవాళ్టిని దీక్షలో లెక్కపెట్టకూడదు. ఆదివారం సెలవు.

19, సోమవారం. రాత్రి 8.00

లాస్య కళ్ళు తుడుచుకుంటూ చదివింది. "అమ్మా, ఎవరో బుజ్జి అట, ఎంత బాగా రాసిందో! నువ్వు ఆవిడకి గొంతిస్తావు గానీ, ఎప్పుడైనా ఇలా ఆలోచించావా?"

లేదు తల్లీ, ఎప్పుడూ ఆలోచించలేదు అన్నాను. అబద్ధానికి దీక్షలో నియమం పెట్టుకోలేదు.

20, మంగళవారం. మధ్యాహ్నం 3.30

కొంప మునిగింది.

కమలాకర్ గారు కాగితాలు ఊపుతూ వచ్చారు. "ఆదివారం రాత్రి రాసిన సీను, నిన్న తీసినం. శనివారమే నెట్‌ల ఉన్నది! ఎవరీ బుజ్జి? లోపలి మనిషే! దొరకాలె, అయిపోయిండ్రు!"

మైకు ముందు నిలబడ్డాను. పేజీ చేతికిచ్చారు. మందాకిని మాట: "ఈ ఇంట్లో నన్ను 'అత్తయ్యా, భోంచేశారా?' అని అడిగేది అది ఒక్కతే." కింద బియ్యం, పస్తు, అన్నీ ఉన్నాయి.

నాదే! నా మాటలే నాకిచ్చి చెప్పమంటున్నారు!

ఎర్ర లైటు వెలిగింది. గొంతు దానంతటదే వచ్చేసింది. "ఈ ఇంట్లో నన్ను 'అత్తా, తిన్నావా?' అని..." ఆ తర్వాత ఏడ్చాను. నిజంగానే.

"పేజీల ఉన్నది చెప్పమ్మా!" అని అరిచి, రికార్డయింది ఒకసారి విని, "పోనీ. గిదే బాగుంది, ఉంచుండ్రి" అన్నారు కమలాకర్ గారు. అద్దం అవతల ఆదినారాయణ గారు మాత్రం నన్నే చూస్తున్నారు.

4.15, టీ బండి దగ్గర.

"బుజ్జి గారూ, అల్లం టీయేనా?"

గ్లాసు కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "ఎవరండీ బుజ్జి?"

"నన్ను బండరాయి అన్నారు కదండీ. మరీ అంత మాటా?"

టైగర్! ఈయనే! "నాకు కారణాలు తట్టవండీ," అన్నారు నేల చూపులు చూస్తూ. "నేనో తప్పు కారణం రాస్తాను. జనం కోప్పడి అసలుది చెబుతారు. అది ఎత్తి రాసుకుంటాను. పదిహేను నెలలుగా ఇలాగే నెట్టుకొస్తున్నాను."

అంటే లీకు ఎప్పుడూ లేదు! ముందు నెట్‌లో, తర్వాతే సీరియల్‌లో!

"మీరు చెప్పకండి, నేనూ చెప్పను," అన్నారు. ఒట్టు పెట్టుకున్నాం. నా గొంతు నిలబడింది.

21, బుధవారం. రాత్రి 9.00

ఎపిసోడ్ అయింది. శకుంతలమ్మ గారు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ కిందికొచ్చారు. "పాపం గా మందాకిని, మంచిదే. నేను ముందే చెప్పిన గద." ఎప్పుడు చెప్పారండీ!

లాస్య లేటుగా వచ్చింది. ఆఫీసులోనే చూసిందట. చెప్పులు విప్పింది. కంప్యూటర్ వైపు పోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, తిన్నావా?" అంది.

నాకు మాట రాలేదు. దీక్ష వల్ల కాదు.

తనే రెండు కంచాలు పెట్టింది. అన్నం వడ్డిస్తూ, "ఇంకోసారి కంప్యూటర్ వాడితే తెర మీద పేరు చెరిపేసి లే, బుజ్జీ" అంది.

22, గురువారం. ఉదయం 6.10

కొత్త దీక్ష. మళ్ళీ మొదటి రోజు. నలభై ఒక్క రోజులు. నోరు విప్పను. ఈసారి వేళ్ళు కూడా! కనుబొమలు సరేసరి.

7.25. టైగర్ నాకు విడిగా రాశాడు: "బెంగళూరు ఆవిడ వచ్చే వారం రాదు. మందాకిని చెప్పకుండా కాశీకి పోతుంది. నా ఉద్దేశంలో నగల కోసం."

నగలా!

7.26. దీక్ష రేపటి నుంచి. శుక్రవారం మంచిది కూడా.