దస్తీలు తీసేసిన రీడింగ్ హాల్

జూన్ 9, సోమవారం

కోర్సులో చేరాను. లైబ్రేరియన్లకు కొత్త వెబ్ టెక్నాలజీలట. అంతా ఆన్‌లైన్, చివర సర్టిఫికెట్. మా ట్రస్ట్ సెక్రటరీ బిక్షమయ్య గారి బలవంతం. జర మన లైబ్రరీ గూడ డిజిటల్ చెయ్యాలె స్వరూపమ్మా, యాన్యువల్ మీటింగుల ఏమన్న చూపియ్యాలె కద అన్నారు. ఏం చూపించాలో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఈ రోజు క్లాసులో క్లౌడ్, సర్వర్, డిప్లాయ్ అని రాసుకున్నాను. టీచర్ శేషారత్నం గారు గుంటూరు మనిషి. కంగారు పడకండమ్మా, చేస్తుంటే అదే వస్తుంది అన్నారు. ఏది వస్తుందో అడగలేకపోయాను.

జూన్ 12

ఏపీఐ అంటే హోటల్లో వెయిటర్ లాంటిదట. కిచెన్‌కూ మనకూ మధ్య తిరుగుతాడట. బాగానే ఉంది. మరి క్యాషియర్ ఎవరు?

జూన్ 16, సోమవారం

ప్రాజెక్ట్ చేయాలట. మీ లైబ్రరీలో మిమ్మల్ని బాగా విసిగించే సమస్య ఒకటి తీసుకోండి, దాని మీద సైట్ చేయండి అన్నారు శేషారత్నం గారు.

నాకు వెతుక్కోవలసిన పనే లేదు. దస్తీలు.

కింద అంతస్తులో పుస్తకాలున్నాయి, వాటి జోలికి ఎవరూ పోరు. పైన రీడింగ్ హాల్లో నలభై కుర్చీలు, వాటి కోసం యుద్ధం. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకునేవాళ్ళలో సగం మంది ఇక్కడికే వచ్చి చదువుకుంటారు. తలుపు తీయగానే శైలేందర్ అనే అతను దూరిపోతాడు. తుర్కయంజాల్ నుంచి మొదటి బస్సుకు వస్తాడు, గ్రూప్స్‌కు చదువుతున్నాడు. తన కుర్చీ చాలదన్నట్టు ఇంకో ఐదారింటి మీద దస్తీలు పరుస్తాడు, సిటీ బస్సులో సీటు కోసం కిటికీలోంచి చేతిరుమాలు వేసినట్టు. ఎవరివయ్యా ఇవి అంటే, ఒస్తరు మేడం అంటాడు. పొద్దున్నే వచ్చినవాళ్ళు నిలబడి ఆ దస్తీలను చూస్తుంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

సీట్ బుకింగ్ సైట్ చేస్తాను. ముందు బుక్ చేసినవాళ్ళదే కుర్చీ. న్యాయం.

జూన్ 18

ఏఐని అడిగితే కోడ్ రాసిచ్చింది. పెట్టాను. తెల్ల పేజీ వచ్చింది. క్షమించండి అని ఇంకోటి ఇచ్చింది. మళ్ళీ తెల్ల పేజీ. మళ్ళీ క్షమించండి. ఇంత మర్యాదగా నన్ను ఎవరూ సతాయించలేదు.

జూన్ 20

ఈ రోజు సున్నా నంబర్ కుర్చీ వచ్చింది. కంప్యూటర్లు సున్నా నుంచి లెక్కపెడతాయట. ఎందుకు?

జూన్ 23, సోమవారం

పనిచేసింది!!

ఉదయం ఆరింటికి బుకింగ్ ఓపెన్ అవుతుంది. పేరు, ఫోన్ నంబర్, కుర్చీ. ఒక ఫోన్‌కు ఒక్కటే. లింక్ వాట్సాప్‌లో పెట్టాను. హాల్లో నోటీసు అంటించాను, దస్తీలు వేయరాదు అని. శైలేందర్ చదివాడు. దస్తీలు మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు. నాకు గర్వంగా ఉంది. ఉండకూడదా ఏం?

జూన్ 25

ఖమ్మం నుంచి ఫోన్. పదిహేడు నంబర్ వచ్చింది మేడం, హాల్ టికెట్ ఎప్పుడిస్తరు అని. నా లింక్ ఏయే గ్రూపుల్లో తిరిగిందో గానీ, ఉద్యోగాల నోటిఫికేషన్ అనుకుని రాష్ట్రమంతా అప్లై చేస్తోంది. ఇంకో అమ్మాయి సిలబస్ అడిగింది. కుర్చీకి సిలబస్ ఏమిటమ్మా అంటే, నన్నే తిట్టి పెట్టేసింది.

సైట్‌లో అన్నీ ఫుల్. హాల్లో సగం ఖాళీ. మా వాళ్ళు బయట మెట్ల మీద. బుకింగ్ లేనివాళ్ళను కూర్చోబెట్టొద్దని బిక్షమయ్య గారి ఆర్డర్. ఇంటి నుంచి సీసీటీవీలో చూస్తుంటారు. హండ్రెడ్ పర్సెంట్ బుకింగ్ అని స్క్రీన్‌షాట్ తీసి ట్రస్ట్ గ్రూపులో పెట్టుకున్నారు కూడా.

జూన్ 30, సోమవారం

మెట్ల మీద శ్రీకళ కనబడింది. చంపాపేట్ అమ్మాయి, టీచర్ పోస్టుకు చదువుతోంది. పరీక్ష ఆగస్టు పదిన. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి ఛాన్స్. ఇంట్లో ఒకటే గది, మంచం పట్టిన మామ, రోజంతా టీవీ.

బుక్ చేసుకోవచ్చు కదమ్మా అన్నాను. ఆరింటికి నల్లా ఒస్తది మేడం, నీళ్ళు పట్టి, బాబుకు డబ్బా కట్టి ఫోన్ చూసేసరికి అయిపోతున్నయి అంది. బాబును బడిలో దింపి ఇక్కడికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. మరి ఇన్నాళ్ళూ ఆ టైముకు నీకు సీటెలా దొరికింది అన్నాను.

శైలేందరన్న దస్తీ ఏస్తుండె కద మేడం అంది.

అప్పటి నుంచి నా బుర్ర పనిచేయడం లేదు.

జూలై 1

శైలేందర్‌ను పిలిచి అడిగాను. ఒక దస్తీ శ్రీకళకట. ఒకటి నైట్ డ్యూటీ దిగి వచ్చే సెక్యూరిటీ గార్డుకట. మిగతావి రెండు బస్సులు మారి వచ్చేవాళ్ళకట. పదిన్నర దాక రాకుంటే తీసేసి నిలవడ్డోళ్ళకు ఇచ్చేటోళ్ళం మేడం అన్నాడు. ఈ మాట నాకెందుకు చెప్పలేదు అని గట్టిగానే అడిగాను. చెప్పిన కద మేడం, ఒస్తరని అన్నాడు.

నిజమే. రోజూ చెప్పాడు.

జూలై 3

శైలేందర్ దస్తీల పద్ధతినే సైట్‌లో పెట్టాలని ఏఐకి అంతా వివరించాను. చాలా మంచి ఆలోచన అని మెచ్చుకుని, రూల్ చెప్పమంది. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత, ఎవరు నిర్ణయిస్తారు? వెళ్ళి శైలేందర్‌ను అడిగాను. అది మాకు తెలుస్తది మేడం అన్నాడు. అదే టైప్ చేశాను. మరింత వివరంగా చెప్పగలరా అంది. చెప్పలేను. నాకే తెలియదు.

శేషారత్నం గారికి చెబితే, ముందు యూజర్లతో మాట్లాడాలండీ, కోడ్ తర్వాత, మొదటి క్లాసులోనే చెప్పాను కదా అన్నారు. నేనప్పుడు స్పెల్లింగులు రాసుకుంటూ ఉండి ఉంటాను.

జూలై 4

శ్రీకళను నా టేబుల్ పక్కన కూర్చోబెట్టాను. ఫోన్లు, కొరియర్లు, పేపర్ అడిగేవాళ్ళు. మధ్యాహ్నం దాకా ఒకటే పేజీ తెరిచి ఉంది. ఏం కాదు మేడం అంది.

జూలై 8

శుక్రవారం తర్వాత శ్రీకళ రాలేదు, ఆగస్టు పదికి నెల రోజులే ఉంది. ఫోన్ చేశాను. ఇంట్లనే చదువుకుంట మేడం, మీరు ఫికర్ చెయ్యకుండ్రి అంది. వెనక టీవీ ఎంత గట్టిగా మోగుతోందంటే, ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను.

సైట్ తీసేద్దాం సార్ అని బిక్షమయ్య గారిని బతిమాలాను. దిమాగ్ ఖరాబైందా అమ్మా, మీటింగుల చూపియ్యాల్సింది గా సైటే కద అన్నారు.

సిగ్గుగా ఉంది. ఆ అమ్మాయి మీద నాకు ఏ కోపమూ లేదు. అయినా ఆమె కుర్చీ లాక్కున్నది నేనే.

జూలై 10, గురువారం

వరసగా రాస్తాను, లేకపోతే రేపు నేనే నమ్మను.

పొద్దున్న లిస్ట్ తెరిచాను. ఒకటో కుర్చీ శ్రీకళ. రెండు శ్రీకళ. మూడు శ్రీకళ. నలభై వరకూ శ్రీకళే. సైట్ మళ్ళీ పాడైందనుకుని ఏఐని తిట్టాను. అది క్షమాపణ చెప్పింది, పాపం.

తలుపు తీశాను. ముందు శైలేందర్. పేరు అన్నాను. శ్రీకళ మేడం అన్నాడు గడ్డం గోక్కుంటూ. వెనక సెక్యూరిటీ గార్డు, యూనిఫాంలోనే. ఆయనా శ్రీకళే. ఆ వెనక అందరూ శ్రీకళలే. ఫోన్ నంబర్లన్నీ వేరు, శైలేందర్ వాళ్ళ అమ్మ ఫోన్ కూడా ఉంది అందులో. నా సైట్ నంబర్లు చూస్తుంది గానీ పేర్లు చూడదు. ఆరు కొట్టగానే అందరూ కలిసి నొక్కేశారు, ఖమ్మానికి ఒక్కటీ మిగల్లేదు. ఏమిటయ్యా ఇది అంటే, గిప్పుడు ఏ సీటు ఎవరిదో సైటుకు తెల్వదు మేడం, మాకు తెలుసు అన్నాడు.

తొమ్మిదిన్నరకు అసలు శ్రీకళ వచ్చింది. రమ్మని వీళ్ళే ఫోన్ చేశారట. గుమ్మం దగ్గరే ఆగి, నేను బుక్ చెయ్యలే మేడం అంది. లిస్ట్ చూపించాను. చదివింది. కింది దాకా జరిపి మళ్ళీ చదివింది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ. సైలెన్స్ అనాలి, అది నా ఉద్యోగం. నాకే నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు.

కిటికీ పక్కన కుర్చీ ఖాళీగా ఉంచారు. వెళ్ళి కూర్చుంది.

జూలై 12

బిక్షమయ్య గారి ఫోన్. గీ శ్రీకళ ఎవరు, హ్యాకరా అన్నారు. రెగ్యులర్ రీడర్ సార్ అన్నాను. గిట్ల నడవదు, ఎవరి సీటు వాళ్ళే బుక్ చేస్కోవాలె, తలుపు కాడ ఓటీపీ చూపియ్యాలె, సోమవారానికల్ల పెట్టు అన్నారు.

ఏఐని అడిగాను. ఇచ్చింది. మొదటిసారికే పనిచేసింది. తెల్ల పేజీ లేదు. ఏ లైను ఏం చేస్తుందో చదివితే తెలిసిపోయింది. పెట్టడానికి ఒక్క బటన్ నొక్కాలి. అదెక్కడుందో కూడా తెలుసు.

జూలై 14, సోమవారం

బటన్ నొక్కకుండానే బిక్షమయ్య గారికి ఫోన్ చేశాను. నాకేం సమజైతలేదు సార్, శాన పరేషాన్ ఉన్నది అన్నాను. ఎప్పటికైతది మరి అన్నారు.

ఆగస్టు పది దాటాలె సార్ అన్నాను.